కొత్త ఎలక్ట్రానిక్ ఆల్బమ్ ఫోన్‌లో వింటే చప్పగా ఎందుకు ఉంటుంది?

ఫోన్ స్పీకర్ లోతైన బేస్‌ను పలికించలేదు, అందుకే చప్పగా అనిపిస్తుంది. ఈ సంగీతంలో చాలా ట్రాక్‌లకు ప్రాణం 40 నుంచి 60 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ఉండే గుమ్మనే మోత, అంటే బేస్. అది గట్టిగా వినపడాలంటే చాలా గాలిని కదపాలి, గోరంత స్పీకర్‌కు సాధ్యం కాదు. అమలాపురంలో ఊరేగింపు డీజే బాక్సుల ముందు నిలబడితే అదే ట్రాక్‌కు ఒంటిమీద చొక్కా అదురుతుంది, పక్క కొట్టు షట్టర్ గడగడలాడుతుంది. ఫోన్‌లో పైపై టకటకలే మిగులుతాయి. అంతమాత్రం విని ఆల్బమ్ బాగోలేదని తేల్చేయడం అన్యాయం. పాటను కుదించి చిన్న ఫైలుగా చేసే ఎంపీ3గా మార్చడం వల్లే బేస్ పోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫైలును బాగా కుదించినప్పుడు ముందుగా పోయేవి పైస్థాయి సన్నని శబ్దాలు. అదే ఫైలును మంచి ఇయర్‌ఫోన్స్ చెవికి సరిగ్గా బిగించి వినండి, బేస్ వినపడుతుంది.