చెవి పాఠానికి, చేయి దారానికి
అల్లికల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో పది నిమిషాలు దాటితే ధ్యాస ఎటో పోతుంది. ఇంట్లో క్రోషియా (ఒకే హుక్‌తో దారం అల్లే పని) అల్లుకుంటూ ఫోన్లో పాఠాలు వింటే మాత్రం బాగా గుర్తుంటున్నాయి. క్లాసులో కూడా అల్లుకోవచ్చా? మా అవ్వేమో "క్లాసులో అల్లికేంది, సార్లు తిట్టరా?" అంటోంది.
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: అల్లుకోవచ్చు తల్లీ. అయితే ఏం అల్లుతున్నావన్నది చాలా ముఖ్యం. కళ్ళు దించి చూడాల్సిన పని, కుట్లు లెక్కపెట్టాల్సిన పని క్లాసుకు తీసుకెళ్ళొద్దు. పువ్వులు, బొమ్మలు, సన్నదారం లేసు ఇంటికే. లెక్క మొదలైతే చెవి మూసుకుపోతుంది. మనసులో "పదకొండు, పన్నెండు" అనుకుంటూ సార్ చెప్పింది వినడం ఎవరి వల్లా కాదు.

చేతికి చిన్న పని ఉంటే విన్నది నిలుస్తుందన్న నీ అనుభవానికి దగ్గరి పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ప్లిమత్ యూనివర్సిటీలో జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపించారు. వింటూ కాగితం మీది ఆకారాలను పెన్సిల్‌తో నింపినవారికి మిగతావారికంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. 2009లో వచ్చిన ఆ ఫలితం పెన్సిల్ గీతలది, క్రోషియాది కాదు. అందుకే నీ మీద నువ్వే పరీక్ష పెట్టుకో. ఒకరోజు అల్లుతూ, ఒకరోజు అల్లకుండా విను. క్లాసు అయిన వెంటనే నోట్సు చూడకుండా ఐదు విషయాలు రాయి. రెండు వారాల్లో తెలిసిపోతుంది. అల్లిన రోజుల్లో తక్కువ గుర్తుంటే ఆపెయ్.

లెక్కలు, అకౌంట్స్ లాంటి క్లాసుల్లో అసలు వద్దు. పెన్నూ హుక్కూ పట్టేది ఒకే చేయి. చరిత్ర, సాహిత్యం లాంటి వినే పాఠాలకు సరిపోతుంది. సార్‌నో మేడమ్‌నో క్లాసు మొదలయ్యాక కాదు, ముందురోజే కలిసి, అల్లికను చూపించి అడుగు. పక్క వరసలో గోడవైపు కూర్చో. అల్యూమినియం హుక్ కింద పడితే క్లాసంతా తిరిగి చూస్తుంది కాబట్టి వెదురుదో ప్లాస్టిక్‌దో తీసుకో. ఆ గంటసేపు గాజులు తీసి సంచిలో వేసుకో.

ప్రశ్న: చూడకుండా అల్లేందుకు ఏ కుట్టు తేలిక? కొలతలతో చెప్పండి.
– గృహిణి, కడప

జవాబు: మాస్ స్టిచ్. మామూలు కుట్టులో పైనున్న రెండు దారాల కింద హుక్ గుచ్చాలి, దానికి కళ్ళు కావాలి. మాస్ స్టిచ్‌లో గుచ్చేది కింది వరసలో రెండు కుట్ల మధ్య ఉండే సందులోకి. ఎడమచేతి బొటనవేలితో తడిమితే ఆ సందు దానంతటదే తగులుతుంది.

8 ప్లై మందం కాటన్ దారం, 4 మిల్లీమీటర్ల హుక్ తీసుకోండి. దారం లేత రంగుదై ఉండాలి. నల్లదారంలో తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో కనపడదు. 30 చైన్లు (ఉచ్చులోంచి దారం లాగి వేసే గొలుసు కుట్లు) వేయండి (సరిసంఖ్య ఎంతైనా సరే). హుక్ నుంచి 4వ చైన్లో ఒక సింగిల్ (సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు). తర్వాత ఒక చైన్ వేసి, కింద ఒకటి వదిలి, దాని పక్కదాంట్లో సింగిల్. చివరిదాకా ఇంతే, 14 సింగిల్స్ వస్తాయి. 2 చైన్లు వేసి తిప్పండి. ఇకనుంచి ప్రతి సందులో ఒక సింగిల్, మధ్యలో ఒక చైన్. వరస చివరి సింగిల్ మాత్రం మొదట్లో తిరగడానికి వేసిన చైన్ల సందులో పడాలి.

అందరూ తప్పేది ఈ చివరి సందు దగ్గరే. అది అంచుకు ఒదిగిపోయి కనపడదు. వదిలేస్తే వరసకు ఒక సింగిల్ చొప్పున తగ్గి, పది వరసలయ్యేసరికి గుడ్డ సమోసాలా తయారవుతుంది. తిప్పిన ప్రతిసారీ ఆ సందులో పిన్నీసు పెట్టండి. వేలికి పిన్నీసు తగిలిందంటే వరస అయిపోయినట్టే.

మొదటి మూడు వరసలు ఇంట్లోనే అల్లేయండి. చైన్ల మీద వేసే తొలి వరస చూడకుండా రాదు.

ఇంకో మాట. మేము చెప్పే సింగిల్, డబుల్ అమెరికా పేర్లు. బ్రిటిష్ వీడియోల్లో మన సింగిల్‌నే డబుల్ అంటారు. వీడియో చూసి అల్లితే కొలత రావడం లేదని రాసేవారిలో చాలామందికి చిక్కు ఇక్కడే.

ప్రశ్న: వారానికోసారి కర్నూలు నుంచి కడపకు బస్సులో వెళ్తాను. దారం ఉండ సీట్ల కింద దొర్లిపోతోంది, కుదుపులకు హుక్ జారి కుట్లు ఊడుతున్నాయి. స్వెటర్ సూదుల అల్లిక నేర్చుకుంటే మేలా?
– ఉద్యోగిని, కర్నూలు

జవాబు: బస్సుకు క్రోషియానే మేలండీ. సూదుల అల్లికలో వరస కుట్లన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. ఒకటి జారితే నిచ్చెన మెట్లలా కిందిదాకా దిగిపోతుంది. క్రోషియాలో తెరిచి ఉండే ఉచ్చు ఒక్కటే. అది జారినా, దారం లాగకుండా ఉంటే ఒకటి రెండు కుట్లకంటే ఊడదు. నంద్యాలలో టీకి దిగేముందు ఆ ఉచ్చును జానెడు పొడవు లాగి పిన్నీసులో బంధించండి, హుక్ తీసి సంచిలో వేయండి.

ఉండను బయటినుంచి కాదు, లోపలి కొస పట్టి లాగి వాడుకోండి. అప్పుడది తిరగదు, దొర్లదు. దాన్ని బొందు సంచిలో వేసి, బొందు దగ్గర వేలు పట్టేంత సందు వదిలి, సంచిని మణికట్టుకు తగిలించుకోండి. ఒక ప్రయాణానికి ఒకే ఉండ, అప్పుడు కత్తెర పని పడదు. పక్క సీట్లో చంటిపిల్లలుంటే సన్నని స్టీలు హుక్ బయటికి తీయనే వద్దు. సడన్ బ్రేకుకు కంటికి తగిలే ప్రమాదం ఉంది.

తల దించి అల్లితే మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. ఎప్పుడైనా కడప దాటి రాయచోటి వైపు వెళ్తుంటే గువ్వలచెరువు ఘాటు అయ్యేదాకా అల్లిక సంచిలోనే ఉంచండి.

ప్రశ్న: ఏప్రిల్, మే ఎండల్లో చేతులకు చెమట పట్టి దారం జారడం లేదు. బిగించి లాగితే మణికట్టు నొప్పి.
– ఆదోని పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: మీ దారం అక్రిలిక్ అయి ఉంటుంది. అది చెమటను పీల్చదు, తడి వేలికి, ప్లాస్టిక్ హుక్‌కు పట్టుకుంటుంది. పత్తి మార్కెట్ ఉన్న ఊళ్ళో ఉన్నారు, కాటన్‌కే మారండి. అది చెమటను పీల్చుకుంటుంది. దారాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టే అలవాటుంటే ఒకటి చాలు. అప్పటికీ బిగుతుగా వస్తుంటే హుక్ అర మిల్లీమీటరు పెద్దది తీసుకోండి. ఉచ్చును హుక్ సన్నని మెడ దగ్గర కాకుండా లావుపాటి కాడ మీదికి తెచ్చి బిగించండి. కుట్టు సైజు కుదిరేది ఆ కాడ మీదే.

ఇరవై నిమిషాలకోసారి హుక్ కింద పెట్టి వేళ్ళు చాచండి. రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మాత్రం అల్లిక ఆపి డాక్టరుకు చూపించుకోండి.