ఆరు లక్షలకు భోగ్యం ఇల్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ధర్మవరం. నాకు అనంతపురం సాయినగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలిగా ఉద్యోగం వచ్చింది. మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. కంపెనీ బస్సు అనంతపురం బైపాస్ మీద ఎక్కించుకుంటుంది. ఇద్దరికీ కలిపి చేతికి 58 వేలు వస్తాయి. ఐదేళ్ల బాబు ఉన్నాడు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు మాతోనే ఉంటారు. ఒకే బ్యాంకులో ఆరున్నర లక్షలు డిపాజిట్ చేసుకున్నాం. మూడు ఇళ్లు చూశాం. మొదటిది సాయినగర్‌లో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. అద్దె 14,000, మెయింటెనెన్స్ 1,500, ఐదు నెలల అడ్వాన్సు. రెండోది కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక ఇంటి మేడమీద పోర్షన్. అద్దె 8,500, విడిగా మీటరు లేదు, యూనిట్‌కు 9 రూపాయలు ఇవ్వాలట. అక్కడి నుంచి బాబు బడి ఆటోకు 1,800, నా ఆటోకు 2,000 అవుతుంది. సాయినగర్ నుంచైతే బడి ఆటో 800, నేను నడిచి వెళ్లొచ్చు. మూడోది పాత ఊరి దగ్గర. 6 లక్షలు ఇస్తే మూడేళ్లు భోగ్యానికి ఇస్తారట. నెలనెలా అద్దె ఉండదు, గడువు తీరాక డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేస్తారు. అలాంటి ఇంటికి అక్కడ అద్దె 9,500 ఉంది. మా ఆయన మూడోదే తీసుకుందాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మూడో ఇంటి సంగతే ముందు మాట్లాడతాను. మొదటి రెండింటిలో పొరపాటు చేస్తే నెలకు రెండు మూడు వేలు పోతాయి. ఏడాది తిరిగాక ఇల్లు మారి సరిదిద్దుకోవచ్చు. మూడోదాంట్లో పొరపాటు జరిగితే మీరిద్దరూ ఇన్నేళ్లు కూడబెట్టినదంతా చిక్కులో పడుతుంది.

మీ ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఆరు లక్షలను ఆరున్నర శాతానికి బ్యాంకులో ఉంచితే ఏడాదికి 39 వేలు, అంటే నెలకు 3,250 వస్తుంది. ఆ వడ్డీని వదులుకుంటే 9,500 అద్దె పలికే ఇల్లు దొరుకుతోంది. లాభం కంటికి కనబడుతూనే ఉంది. అనంతపురం, హిందూపురం వైపు, సరిహద్దు దాటితే కన్నడ దేశంలోనూ ఈ పద్ధతి పాతదే. సవ్యంగా ముగిసిన భోగ్యాలూ చాలానే ఉన్నాయి. పద్ధతిని నేను తప్పు పట్టడం లేదు.

అయితే ఇదే లెక్కను ఇంటి యజమాని వైపు నుంచి వేసి చూడండి. నెలకు 9,500 వదులుకుంటే ఆయనకు ఏడాదికి పోయేది 1,14,000. ఆరు లక్షల మీద అది నూటికి 19. మన వాడుకలో చెప్పాలంటే నెలకు నూటికి రూపాయిన్నర పైమాటే. సొంత ఇల్లు, కాగితాలు సరిగ్గా ఉన్న మనిషికి ఆ ఇంటి తనఖా మీద బ్యాంకు ఇంతకంటే చాలా తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. మరి ఆయన ఇంత వడ్డీకి మీ దగ్గర ఎందుకు తీసుకుంటున్నారు? ఈ ఒక్క ప్రశ్నకు తృప్తికరమైన జవాబు దొరికే దాకా రూపాయి కూడా కదపకండి.

జవాబు మంచిదే కావచ్చు. ఆదాయం చూపించలేని పెద్దవారికి బ్యాంకు అప్పు పుట్టదు. కూతురి పెళ్లికో వైద్యానికో ఇల్లు భోగ్యానికి ఇస్తారు. లేదా ఇల్లు ఇప్పటికే తనఖాలో ఉండవచ్చు, అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలకపోయి ఉండవచ్చు, పాత భోగ్యందారుకు ఇవ్వాల్సిన డబ్బును మీ దగ్గర తెచ్చి తీర్చబోతూ ఉండవచ్చు. ఈ చివరిదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అలాంటి ఇంట్లో మూడేళ్లయ్యాక మీ డబ్బు తిరిగి రావాలంటే మీ తర్వాత ఇంకొకరు ఆరు లక్షలు తెచ్చి ఇవ్వాలి. ఆ మనిషి దొరకకపోతే మీరు ఇల్లు ఖాళీ చేయలేరు, వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చినా వెళ్లలేరు.

నా దగ్గరకు సలహా కోసం వచ్చిన ఒక కుటుంబానికి ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. వారు భోగ్యానికి చేరిన ఇల్లు అంతకు ముందే బ్యాంకు తనఖాలో ఉంది. యజమాని కంతులు ఆపేశాక బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద తలుపుకు నోటీసు అంటించారు. ఇల్లు వేలానికి పోయింది. వారి చేతిలో మిగిలింది వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం. ఆ తల్లి ఆ కాగితాన్ని మడత పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకుని తెచ్చింది. అది చూసిన రోజు నుంచి ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేకపోతున్నాను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆస్తి బదలాయింపు చట్టం 1882 నాటిది. వంద రూపాయలు, అంతకు మించిన అప్పుకు స్వాధీన తనఖా, అంటే మనం భోగ్యం అనేది, రాయాలంటే ఆ దస్తావేజు రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్టరు చేయని భోగ్యపు కాగితం అప్పు తీసుకున్నట్టు సాక్ష్యంగా పనికొస్తుందేమో గాని, ఇంటి మీద మీకు తనఖా హక్కు ఇవ్వదు. ఇంకొకటి: ఆదాయపు పన్ను చట్టం 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని నిషేధించింది. ఆరు లక్షలు చేతికి తెచ్చివ్వమని యజమాని అంటే అక్కడే లేచి రండి.

ఇంత చెప్పాక కూడా ఆ ఇల్లే కావాలంటే, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. అసలు దస్తావేజులు చూపించమని అడగండి, జిరాక్సులతో సరిపెట్టుకోవద్దు. బ్యాంకులో పెట్టిన తనఖాలు నమోదయ్యే సెర్సాయ్‌లో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు. అన్నీ శుభ్రంగా ఉన్నా నా సలహా మాత్రం వద్దనే. మీకున్నది ఆరున్నర లక్షలు. మీ ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంటి ఖర్చు నెలకు 40 వేలనుకున్నా ఆరు నెలలకు 2,40,000 ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. అత్తగారి మోకాళ్లకు రేపు శస్త్రచికిత్స అవసరమైతే భోగ్యపు కాగితాన్ని ఆసుపత్రి తీసుకోదు.

అన్నట్టు, ఆరున్నర లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నాయన్నారు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకే. కొంత తీసి ఇంకో బ్యాంకులోకి మార్చండి.

ఇక మిగిలిన రెండు ఇళ్లు. పైకి చూస్తే తేడా ఏడు వేలు: ఒకవైపు మెయింటెనెన్స్‌తో కలిపి 15,500, ఇంకోవైపు 8,500. ఈ తేడా నిజం కాదు.

పోర్షన్‌లో విడి మీటరు లేకపోవడం చిన్న విషయం కాదు. 2022 నుంచి అమలులో ఉన్న స్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, ఆపైన 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 పడుతుంది. మీ ఇంట్లో నెలకు 180 యూనిట్లు కాలితే సొంత మీటరు మీద 747 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాట్లు కలిసినా వెయ్యికి అటూ ఇటూ. యూనిట్‌కు 9 చొప్పున యజమానికి ఇస్తే అదే వాడకానికి 1,620. యజమాని దురాశ అని అనలేం. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే 180, 180 కలిసి 360 అవుతుంది, పై స్లాబులోకి ఎక్కుతుంది. ఆ భారం ఎవరో ఒకరు మోయాలి. మేడమీద నేరుగా శ్లాబు కింద ఉండే గదుల్లో ఏప్రిల్, మే నెలల వాడకం 180 దగ్గర ఆగదు కూడా. మన ఎండలు మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు అన్నీ కలపండి. పోర్షన్: అద్దె 8,500, కరెంటు 1,620, బడి ఆటో 1,800, మీ ఆటో 2,000, మీ ఆయన బస్సు దాకా బండికి పెట్రోలు వెయ్యి, రోజుకో క్యాను తాగునీళ్లు 600. మొత్తం 15,520. అపార్ట్‌మెంట్: 15,500, కరెంటు వెయ్యి, బడి ఆటో 800, పెట్రోలు 300, క్యాన్లు 600. మొత్తం 18,200. పెట్రోలు, క్యాన్ల అంకెలు నేను వేసినవి, మీరు సరిచూసుకోండి. ఏడు వేలనుకున్న తేడా 2,680కి దిగింది. రోజూ మీకు మిగిలే గంట సమయాన్ని నేను ఇంకా లెక్కలో కట్టలేదు.

అద్దె, కరెంటు, నీళ్లు, రాకపోకలు అన్నీ కలిసి చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదని నేను చెబుతుంటాను. మీకు అది 19 వేల పైచిలుకు. అపార్ట్‌మెంట్ ఆ గీత లోపలే ఉంది. మేడమీద పోర్షన్ అత్తగారికి వద్దు. రోజూ ఆ మెట్లు ఎక్కి దిగడం ఆవిడ వల్ల కాదు, దిగడం మానేస్తే ఆవిడకు ఆ ఇల్లే నాలుగు గోడల మధ్య బతుకవుతుంది.

అపార్ట్‌మెంట్‌లో కూడా అడగాల్సింది లిఫ్ట్ గురించే. కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద లిఫ్ట్ నడుస్తుందా, లేక మెట్ల దగ్గర దీపాలు మాత్రమే వెలుగుతాయా? వాచ్‌మన్‌ను అడిగితే నిజం చెబుతాడు. తర్వాత నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఏ ఇల్లయినా వేసవిలో ఎలా ఉంటుందో తెలియకుండా తీసుకోకూడదు. బోరు ఏ నెలలో తగ్గుతుంది, మునిసిపల్ కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, ట్యాంకరు తెప్పిస్తే ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా వసూలు చేస్తారా? ఈ మూడూ యజమానిని కాదు, అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్న వారిని అడగండి. సాయంత్రం ఆరు తర్వాత వెళితే ఇంట్లో దొరుకుతారు. బోరు నీళ్లు తాగడానికి వాడొద్దు. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బెడద ఎప్పటినుంచో ఉన్నదే, ఇంట్లో చిన్న పిల్లవాడున్నాడు.

ఈ రెండింటితో ఆగకుండా నాలుగో ఇంటిని వెతకమంటాను. కళాశాలకు రెండు కిలోమీటర్ల లోపు, కింది అంతస్తు, విడి మీటరు, 11 నుంచి 12 వేలు. దొరికితే అపార్ట్‌మెంట్ కంటే మీకు అదే సరిపోతుంది. కింది అంతస్తు అంటున్నాను కాబట్టి ఒక జాగ్రత్త: 2022 అక్టోబరులో నడిమివంక పొంగి పక్క కాలనీలు మునిగాయి. ఇల్లు నచ్చాక వీధి చివరి కిరాణా కొట్టులో ‘ఆ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి’ అని అడగండి. గోడల మీద చారలుంటే కొత్త సున్నం కింద కూడా చెమ్మ పట్టి ఉంటుంది, చేత్తో తాకి చూడండి.

వెతకడానికి ఫోను కంటే కాళ్లే మేలు. మన ఊళ్లలో మంచి ఇళ్లు చాలావరకు గేటుకు కట్టిన టులెట్ అట్ట మీదే కనబడతాయి, లేదా తోటి ఉపాధ్యాయుల నోట వినబడతాయి. ఆన్‌లైన్‌లో కనబడే ఇళ్లు చూడొచ్చు. కానీ తాళం తీసి చూపించక ముందే టోకెన్ పంపమంటే, సైన్యంలో ఉన్నానని గుర్తింపు కార్డు ఫొటో పంపినా సరే, పంపవద్దు. అలాంటి మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

బేరానికి మంచి సమయం కూడా ఉంది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. ఆ ముందు ఖాళీ అయిన ఇల్లు ఇంకో నెల ఖాళీగా ఉంటుందని యజమానికి తెలుసు. ఆషాఢం రాకముందే మంచి రోజు చూసి పాలు పొంగించుకుని, సామాను తర్వాత నెమ్మదిగా తెచ్చుకుంటామని చెప్పండి. అద్దెలో ఐదు వందలు, వెయ్యి తగ్గించడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఐదు నెలల అడ్వాన్సు ఎక్కువ. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలు చాలంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, యజమానిని కట్టిపడేయదు. అయినా మాట్లాడటానికి మీకు ఒక ఆధారం. మూడు నెలలకు ఒప్పించండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒప్పందంలో నాలుగు సంగతులు తప్పక రాయించండి: ఏడాదికి అద్దె ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు కింద ఎంత పట్టుకుంటారు, అడ్వాన్సు ఏ రోజులోగా తిరిగి ఇస్తారు. గొడవలన్నీ ఆ చివరి రెండింటి దగ్గరే వస్తాయి. చేరిన రోజే ప్రతి గదినీ, కొళాయిలనూ, స్విచ్చులనూ వీడియో తీసి యజమానికి పంపి ఉంచండి.

అద్దె రసీదులతో పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే దానికోసం ఎక్కువ అద్దె ఇల్లు తీసుకోకండి. మీ జీతాలకు కొత్త పన్ను విధానంలో ఎలాగూ పన్ను పడదు. అద్దె భత్యం మినహాయింపు పాత విధానంలోనే ఉంది.

మీ ఆయన మాట కాదన్నానని ఆయన నొచ్చుకోవద్దు. డబ్బు వృథా కాకూడదన్న ఆయన తపన నాకు అర్థమైంది. ఆ 19 శాతం లెక్కను ఆయన ముందు కాగితం మీద వేయండి. ఇంటి యజమానిని ఆ ప్రశ్న ఆయనే అడగనివ్వండి.