గడ్డి పాలిపోతే ముందు కొట్టం చూడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

యూరియా మానేశాక సూపర్ నేపియర్ పశుగ్రాసం కోతకోతకూ బక్కచిక్కిపోతోందని, సేంద్రియ ఎరువుల్లో ఏది కొనాలని అడిగావు. కొనే సంగతి తర్వాత. మీ కొట్టం గచ్చు కడిగిన నీళ్లు వీధి కాలువలోకి పోతున్నాయి కదా? పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో చాలా భాగం మూత్రంలోనే ఉంటాయి. పేడలో ఎక్కువగా ఉండేది భాస్వరం. అంటే నువ్వు పేడ ఎత్తి దాచుకుని, మిగతాది ఊరికి దానం చేస్తున్నావు.

నేపియర్‌కు పొటాష్ ఆకలి ఎక్కువ. కోసి మోసుకొచ్చే ప్రతి మోపుతోనూ అది పొలం దాటుతుంది. ముదురు ఆకులు చూడు: అంచులు పసుపెక్కి మాడుతుంటే పొటాష్ లోటు. కొస నుంచి నడి ఈనె వెంట పసుపు లోపలికి దిగుతుంటే నత్రజని లోటు. రెండూ కలిసి కనిపిస్తే భూసార పరీక్షే దిక్కు. ఆ మట్టి తీసేటప్పుడు కొట్టం పక్క మడినీ, దూరపు మడినీ కలపకు. పేడ బండి దగ్గరి మడి దాటి వెళ్లడం ఏ ఇంట్లోనూ అరుదే, అందుకే రెండింటి సారం ఒకలా ఉండదు.

గచ్చుకు వాలు పెట్టించి, కడుగునీటిని తొట్టిలోకి మళ్లించు. కోత అయిన వారంలోపు, పిలకలు లేస్తున్నప్పుడు, సాగునీటిలో కలిపి పారించు. చిక్కగా పోస్తే పిలకలు మాడతాయి. ఒకే మడికి పదేపదే పెట్టకు. పొటాష్ మితిమీరితే గడ్డిలో మెగ్నీషియం తగ్గుతుంది, ఆ దెబ్బ పాడి పశువుకు తగులుతుంది. పేడ కుప్పకు నీడ వేయించు.

నత్రజని కోసం అలసంద, దశరథ గడ్డి, వరి కోశాక పిల్లిపెసర వేసుకో. ఇవి పప్పుజాతి పైర్లు, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టుకుంటాయి. పూతకు ముందు ఒక అలసంద మొక్కను పీకకుండా పారతో మట్టిగడ్డతో సహా లేపి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడు. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే వచ్చేసారి విత్తనానికి రైజోబియం, అంటే బుడిపెల్లో ఆ పని చేసే బ్యాక్టీరియా, పట్టించు. అయితే అలసందను కోసి మేపితే ఆ నత్రజనిలో ఎక్కువ భాగం పశువు కడుపులోకే పోతుంది. అక్కడి నుంచి మళ్లీ నీ కాలువలోకే!

భాస్వరం కోసం వేసే రాతిపొడి రాక్ ఫాస్ఫేటు మాత్రం ఎవరు చెప్పినా తొందరపడి కొనకు. ఆమ్ల నేలల్లో పనిచేస్తుంది కానీ, మీలాంటి సున్నపు నల్లరేగడిలో సరిగా కరగదు.

మేస్త్రీ దొరికాక ఫోను చెయ్యి. వాలు నేనే వచ్చి చూస్తాను.

నీ మామయ్య