మొహం మారకూడదు: అర్జెంటీనా హాస్యంపై పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా కంపెనీకి బ్యూనస్ ఐరిస్‌లో టీము ఉంది. రోజూ సాయంత్రం 5.30కి కాల్. వాళ్లలో వాళ్లు ‘లావోడా’, ‘బట్టతలా’ అని పిలుచుకుంటుంటారు. మొన్న ఒకాయన నన్ను ‘బక్కోడా’ అన్నాడు. నవ్వాలా, కోప్పడాలా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జ: కోప్పడకండి. ‘గోర్దో’ అంటే లావు, ‘ఫ్లాకో’ అంటే సన్నం, ‘పెలాదో’ అంటే బట్టతల. ఇవి అక్కడ తిట్లు కావు, పిలుపులు. 1978లో అర్జెంటీనాకు ఫుట్‌బాల్ ప్రపంచకప్ తెచ్చిన కోచ్ మెనోత్తిని పత్రికలే ‘ఎల్ ఫ్లాకో’ అని రాసేవి. గాయని మెర్సెదెస్ సోసాను జనం అభిమానంతోనే ‘లా నెగ్రా’ (నల్లమ్మ) అని పిలుచుకున్నారు. మిమ్మల్ని బక్కోడా అన్నారంటే మీరు వాళ్లలో ఒకరయ్యారని అర్థం. వాళ్లు పేరు పెట్టి, గౌరవంగా, ఆచితూచి మాట్లాడుతున్నప్పుడే అనుమానించాలి.

జవాబు మాత్రం వెంటనే ఇవ్వాలి. అది మీ మీదే వేసుకున్నదై ఉండాలి, మొహంలో నవ్వు కనిపించకూడదు. ‘బెజవాడ మే నెల ఎండలో ఈమాత్రం మిగలడమే ఎక్కువ’ అని ఎజెండా చదివే గొంతుతో అనేసి తర్వాతి విషయంలోకి వెళ్లిపోండి. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత అందరూ ఘొల్లుమంటారు. మీరే ముందు నవ్వేస్తే జోకు చచ్చినట్టే.

తిరిగి ఆటపట్టించాలంటే ఫుట్‌బాల్ అన్నిటికన్నా క్షేమం. వాళ్ల జట్టు బోకా జూనియర్సా, దాని ప్రత్యర్థి రివర్ ప్లేటా అని ముందు కనుక్కోండి. 1966లో దక్షిణ అమెరికా క్లబ్బుల లిబెర్తదోరెస్ కప్ ఫైనల్లో రివర్ 2-0తో ముందుండి కూడా ఉరుగ్వే జట్టు పెన్యారోల్ చేతిలో 4-2తో ఓడింది. తర్వాత బాన్‌ఫీల్డ్ జట్టుతో ఆడేటప్పుడు ఎవరో మైదానంలోకి ఒక కోడిని వదిలారు. అప్పటినుంచి రివర్ వాళ్లు ‘కోళ్లు’. కొన్నాళ్లు ఉడుక్కున్నారు, తర్వాత ఆ పేరును వాళ్లే జెండాల మీదికి ఎక్కించుకున్నారు. 2011లో రివర్ రెండో డివిజన్ ‘బి’కి పడిపోయింది. ఇక బోకా వాళ్లు ‘బి’ అక్షరం రాసిన తెల్లదుప్పటి దయ్యం వేషాలు వేశారు, 2015లో అలాంటి దయ్యాన్ని డ్రోన్‌కు కట్టి స్టేడియంలో ఎగరేశారు. మీ సహోద్యోగి బోకా అభిమాని అయితే 2018 డిసెంబరు 9 అనండి చాలు, మాద్రిద్‌లో అదే కప్ ఫైనల్లో బోకాపై రివర్ 3-1తో గెలిచిన రోజది.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. 1982 మాల్వినాస్ (ఫాక్‌లాండ్స్) యుద్ధం, 1976-83 సైనిక పాలనలో మాయమైపోయిన మనుషులు. వాళ్ల దేశాన్ని, ధరల్ని, ప్రభుత్వాన్ని వాళ్లు పొద్దస్తమానం తిట్టుకుంటారు, మీరు గొంతు కలపొద్దు. ‘మా దగ్గరా అంతేనండీ’ అంటే సరిపోతుంది. ‘నెగ్రో’ అన్న పిలుపు వాళ్లకే వదిలేయండి. అదే కాల్‌లో అమెరికా వాళ్లుంటే సర్దిచెప్పుకోవడం మీ తరం కాదు.

ప్ర: అర్జెంటీనాలో ‘త్రూకో’ అనే పేకాట ఉందని, అందులో ఆటకన్నా మాటలే ఎక్కువని విన్నాం. మన మూడుముక్కలాట లాంటిదేనా? మామూలు పేకతో కుదురుతుందా?
– నలుగురు మిత్రులు, బ్రాడీపేట, గుంటూరు

జ: మనిషికి మూడు ముక్కలు పంచడం వరకే పోలిక. దీన్ని పాయింట్లకు ఆడతారు. మీరూ డబ్బు జోలికి పోకండి, డబ్బు పెడితే నోళ్లు మూతపడతాయి, నోళ్లు మూతపడితే ఇందులో ఏమీ మిగలదు.

పేకలోంచి జోకర్లు, ఎనిమిదులు, తొమ్మిదులు, పదులు తీసేయండి. 40 ముక్కలు మిగలాలి. పదులు తీయడం మర్చిపోయి లెక్క తప్పడం మామూలే. ఇద్దరిద్దరు ఒక జట్టు, జోడీలు ఎదురెదురుగా కూర్చోవాలి. పంచినవాడి కుడిచేతి మనిషి మొదట ఆడతాడు, ఆట కుడివైపుకే తిరుగుతుంది. అందరూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు, మూడు పట్టులు కలిస్తే ఒక చేయి. మూడు పట్టుల్లో రెండు గెలిచిన జట్టుదే ఆ చేయి. రంగు కలపాల్సిన పనిలేదు. రమ్మీ అలవాటున్నవాళ్లు ఇక్కడే తడబడతారు.

ముక్కల విలువ విచిత్రంగా ఉంటుంది, కాగితం మీద రాసి మధ్యలో పెట్టుకోండి. అన్నిటికన్నా పైది ఇస్పేటు ఆసు. తర్వాత కళావరు ఆసు, ఇస్పేటు ఏడు, డైమను ఏడు. వాటి తర్వాత మూళ్లన్నీ, రెళ్లన్నీ, ఆఠీను, డైమను ఆసులు. అక్కడినుంచి రాజు, రాణి, జాకీ, మిగిలిన రెండు ఏడులు, ఆరు, అయిదు. నాలుగు అన్నిటికన్నా అధమం.

పందేలు రెండు రకాలు. మొదటి పట్టు నడుస్తుండగానే, తన మొదటి ముక్క వేయకముందే ‘ఎన్విదో’ అనొచ్చు. ఒకే రంగు ముక్కలు రెండుంటే వాటి అంకెలు కూడి 20 కలపాలి, బొమ్మలకు సున్నా. ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఆరు ఉంటే 33. అంతకు మించి రాదు. ఎదుటివాళ్లు సరేనంటే ఎక్కువున్నవాళ్లకు 2 పాయింట్లు, వద్దంటే పిలిచినవాళ్లకు 1. ఇక్కడ చెప్పిన అంకె నిజం కావాలి, చేయి ముగిశాక చూపించాలి. రెండోది ‘త్రూకో’. ఇది ఎప్పుడైనా అనొచ్చు. ఒప్పుకుంటే ఆ చేతికి 2, దానిమీద ‘రెత్రూకో’ అంటే 3, ‘వాలె క్వాత్రో’ అంటే 4. వద్దని వెనక్కి తగ్గితే అంతకుముందున్న పందెం విలువ ఎదుటి జట్టుకు పోతుంది. మొత్తం 30 పాయింట్లు. లెక్క కాగితం మీద రాస్తారు: చదరానికి నాలుగు గీతలు, అయిదోది అడ్డంగా మూలనుంచి మూలకు.

అసలు సరదా ఇక్కడ మొదలవుతుంది. జోడీకి మొహంతో సైగ చేయొచ్చు. కనుబొమలు ఎగరేస్తే ఇస్పేటు ఆసు, కన్ను కొడితే కళావరు ఆసు. మూతి కుడికి వంకర తిప్పితే ఇస్పేటు ఏడు, ఎడమకైతే డైమను ఏడు. కింది పెదవి కొరికితే మూడు, ముద్దుపెట్టేలా పెదాలు ముడిస్తే రెండు. ఎదుటివాళ్లు చూడనప్పుడు చేయాలి, చూడకుండా ఉండేలా వాళ్లను మాటల్లో పెట్టాలి. చేతిలో నాలుగు, అయిదు, జాకీ ఉన్నా సరే, ముక్కలు బల్లమీద బోర్లించి, ‘ఇంట్లో చెల్లెమ్మ ఎదురుచూస్తుంటుంది బావా, ఈ ఒక్కటి వదిలెయ్’ అని జాలిపడుతూ ‘త్రూకో’ అనాలి. అవతలివాడి దగ్గర కళావరు ఆసు ఉన్నా ఆలోచనలో పడాలి. కొత్తవాళ్లు చెడగొట్టేది ఒకటే: మంచి ముక్కలొచ్చినప్పుడు మాత్రమే మాట్లాడతారు. రెండు చేతుల్లో దొరికిపోతారు. చెత్త వచ్చినప్పుడు ఎంత వాగారో, ఇస్పేటు ఆసు వచ్చినప్పుడూ అంతే వాగండి.

ప్ర: మా పదేళ్ల పాప ‘మఫాల్దా’ బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. అందులో మఫాల్దా అనే చిన్నపిల్ల సూప్ వద్దని ప్రతి పేజీలో గోల. ఇది పిల్లలదా, పెద్దలదా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జ: ఇద్దరిదీ. సూప్ సంగతి ముందు. చిత్రకారుడు కీనో (1932-2020) తర్వాత చెప్పిన ప్రకారం, జనం రోజూ మింగాల్సి వచ్చిన సైనిక ప్రభుత్వాలకు అది గుర్తు. ‘తాగాల్సిందే’ అనే అమ్మా ‘తాగను’ అనే పాపా అన్నంతవరకు మీ అమ్మాయికి అర్థమైతే చాలు, మిగతాది ఎదిగాక తడుతుంది. పోలీసు లాఠీని చూపించి ‘సిద్ధాంతాలకు సొట్టలు పెట్టే కర్ర’ అని మఫాల్దా స్నేహితుడికి వివరించే బొమ్మ ఒకటుంది. అది మీకోసం.

పుట్టుక మాత్రం వ్యాపార ప్రకటనలో. 1963లో మాన్స్‌ఫీల్డ్ అనే గృహోపకరణాల బ్రాండు కోసం, ‘మ’తో మొదలయ్యే పేర్లతో ఒక కుటుంబాన్ని గీయమన్నారు. ఆ ప్రచారం నడవలేదు. సొరుగులో పడున్న బొమ్మలు 1964 సెప్టెంబరు 29న ‘ప్రిమెరా ప్లానా’ వారపత్రికలో మఫాల్దాగా మొదలై, పత్రికలు మారి, 1973 జూన్ 25న ముగిశాయి. ఆరేళ్ల పిల్ల నోట వియత్నాం, చైనా మాటలు రావడం అందుకే. నియంత ఫ్రాంకో కాలంలో స్పెయిన్ సెన్సారు ఈ పుస్తకం మీద ‘పెద్దలకు’ అని పట్టీ వేయించింది!

పాపకు ముందు కిరాణా కొట్టు వాళ్లబ్బాయి మనోలీతో బొమ్మలు చూపించండి, చిల్లర లెక్కల్లో వాడి వాటం మన వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. తాబేలు పేరు ‘బ్యురాక్రసీ’ ఎందుకో మీరు చెప్పకండి, ఏదైనా ఆఫీసులో సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడిన రోజు తనే కనుక్కుంటుంది. ఒక్కో కథలో చివరి గడి దగ్గర ఆగి చూడమనండి. చాలాసార్లు అక్కడ మాటుండదు, మొహం మాత్రమే ఉంటుంది.

ప్ర: 1978 ప్రపంచకప్ వీడియోల్లో మైదానమంతా కాగితం ముక్కలేమిటి?
– అరండల్‌పేట, గుంటూరు

జ: ఒక కార్టూన్ పందెం నెగ్గిన గుర్తు. ఆ కప్ అర్జెంటీనాలోనే జరిగింది, సైనిక పాలన కాలం అది. విదేశీయుల ముందు మురికిగా కనిపిస్తామని, కాగితాలు విసరొద్దని ప్రసిద్ధ రేడియో వ్యాఖ్యాత మునియోస్ చెబుతూ వచ్చాడు. ‘క్లరీన్’ దినపత్రికలో కలోయి గీసే క్లెమెంతే, చేతుల్లేని, చారల ఒంటి పక్షిలాంటి పాత్ర, ‘విసరండి’ అంది. జనం క్లెమెంతే మాట విన్నారు. చేతుల్లేని పాత్ర విసరమనడమే సగం జోకు. ఆ కప్ జరిగిన జూన్‌లోనే, సైనిక ప్రభుత్వ సెన్సారు కింద, ‘హ్యూమర్’ పత్రిక మొదలైంది. ఆర్థిక మంత్రి చెవులు తగిలించిన మెనోత్తి మొహం దాని తొలి ముఖచిత్రం.

ప్ర: యువజనోత్సవానికి ‘లే లూతియే’ తరహాలో పది నిమిషాల హాస్య కచేరీ చేద్దామనుకుంటున్నాం. పనికిరాని సామానుతో వాద్యం ఎలా చేయాలి?
– కళాశాల విద్యార్థులు, మొగల్రాజపురం, విజయవాడ

జ: 1967లో హెరార్దో మసానా మొదలుపెట్టిన అర్జెంటీనా సంగీత హాస్య బృందమిది, పనికిరాని సామానుతోనూ వాద్యాలు చేసుకునేది. పారేసిన అట్ట గొట్టాలతో చేసిన ‘బాస్-పైప్’ వాళ్ల తొలి వాద్యాల్లో ఒకటి. మీకూ అదే తేలిక.

వస్త్రలత బట్టల మార్కెట్‌లో తానులు చుట్టొచ్చే అట్ట గొట్టాలు అడగండి, ఒకదాంట్లో ఒకటి దూరేవి రెండు, చెరో 120 సెంటీమీటర్లు. దుకాణంలోనే దూర్చి చూసుకోండి. లోపలిది బిగుసుకోకూడదు, గడగడలాడకూడదు. ఊదితే అట్ట ఊపిరి తేమకు నానిపోతుంది, రెండింటికీ లోపల రెండు పూతలు వార్నిష్ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. ఈ పని మానేసినవాళ్లకు రెండో రిహార్సల్లోనే గొట్టం మెత్తబడుతుంది. లోపలి గొట్టంలో, పెద్దదాంట్లోకి దూరే కొసకు రెండుచోట్ల గుడ్డ పట్టీ చుట్టి, మీద పౌడరు రాయండి. సందులోంచి గాలి పోతే శబ్దమే పుట్టదు. నోరు పెట్టే చివర తేనెమైనంతో గుండ్రంగా అంచు కట్టాలి, లోపలి వెడల్పు 3 సెంటీమీటర్లు. పెదాలు బిగించి ‘బర్ర్’మని ఊదితే పలుకుతుంది.

లోపలికి తోస్తే మొత్తం పొడవు సుమారు 130, లాగితే 220 వచ్చేలా ఉంచండి. అప్పుడు దాదాపు పై షడ్జమం నుంచి కింది గాంధారం దాకా దిగుతుంది. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని ఒక్కో స్వరం దగ్గర రంగు టేపు అంటించండి.

ఈ టేపులే ముఖ్యం. వాద్యం వింతగా ఉండాలి కానీ పాట అపస్వరం కాకూడదు. కావాలని తప్పుగా వాయిస్తే అది కోతిచేష్ట అవుతుంది. లే లూతియే వాళ్లు సూటూ బూటూ వేసుకుని శాస్త్రీయ కచేరీ చేస్తున్నట్టే నిలబడేవారు. మార్కోస్ ముండ్‌స్టాక్ ఎర్ర ఫైలు తెరిచి, ఎన్నడూ పుట్టని మస్త్రోపియెరో అనే సంగీతకర్త జీవితాన్ని గంభీరంగా చదివేవాడు. మీరూ లేని వాగ్గేయకారుణ్ని ఒకణ్ని సృష్టించండి, పరిచయం సన్మానపత్రం భాషలో రాయండి, మూడు నిమిషాలు మించొద్దు. రిహార్సల్లో జనం నవ్విన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, వేదిక మీద అక్కడ ఆగి పేజీ తిప్పండి. గొట్టానికి చక్రాల బండి ఒకటి చేయించండి, అసలు దానికీ ఉండేది. లాగినప్పుడు చివరి 20 సెంటీమీటర్లు లోపలే ఉండాలి, లేకపోతే బయటి గొట్టం ఊడి ముందు వరుసలో కూర్చున్న ముఖ్య అతిథి ఒళ్లో పడుతుంది.