చివరి వరుస దాకా: నాటక నటనపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మూడేళ్లుగా కెమెరా ముందు నటిస్తున్నాను. ఈమధ్యే తొలిసారి నాటకంలో పెద్ద పాత్ర వేశాను. ఇక దీన్ని వదలకూడదనిపిస్తోంది. కానీ వెనక కూర్చున్నవాళ్లకు సగం మాటలు వినపడలేదట. గట్టిగా అంటే రెండో అంకానికే గొంతు బొంగురుపోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీకు కలిగిన ఇష్టం ఊరికే వచ్చింది కాదు. కెమెరా ముందు కథ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది, ఒక్కోసారి ముగింపే ముందు తీస్తారు. నాటకంలో తెర లేచింది మొదలు పడేదాకా పాత్ర మొత్తం మీ చేతిలోనే ఉంటుంది. హాలంతా ఊపిరి బిగబట్టిన క్షణం మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ రుచి మరిగినవాళ్లు తేలిగ్గా వదలరు.

ఇక వినపడకపోవడం సంగతి. చాలాసార్లు లోపం గొంతులో ఉండదు, వాక్యం చివర్లో ఉంటుంది. తెలుగులో అసలు విషయం తేలేది అక్కడే. ‘రేపు నీతో వస్తాను’, ‘రేపు నీతో రాను’ అనే మాటల్లో చివరిది మింగేస్తే కథే తలకిందులవుతుంది. కెమెరాకు అలవాటుపడ్డవాళ్లు సరిగ్గా అక్కడే ఊపిరి చాలక స్వరం దించేస్తారు. దగ్గర్లో ఉన్న మైకు దాన్ని పట్టుకుంటుంది, ఇరవయ్యో వరుసకు మాత్రం అందదు. కాబట్టి మీ ప్రతిలో ప్రతి వాక్యం చివరి క్రియ కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఊపిరి తీసుకోవాల్సిన చోట నిలువు గీత పెట్టండి. అర్థం తెగేచోట మాత్రమే ఆగాలి.

ఊపిరి కోసం రోజూ పది నిమిషాలు చాలు. వెల్లకిలా పడుకుని పొట్టమీద ఒక పుస్తకం పెట్టుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి. లేవాల్సింది పుస్తకం, భుజాలు కావు. తర్వాత ‘స్‌’ అంటూ సన్నగా, ఒకే తీరుగా వదలండి. మొదట్లో పన్నెండు అంకెలు వచ్చినా పర్వాలేదు, మెల్లగా ఇరవైకి తీసుకెళ్లండి. ఆ తర్వాత ఒక మిత్రుణ్ణి ఎదురుగా నిలబెట్టి రెండు మీటర్ల దూరంలో సంభాషణ మొదలుపెట్టి, అయిదుకు, తర్వాత హాలు చివరికి జరగమనండి. మాట అందనప్పుడల్లా ఆయన చెయ్యెత్తాలి. దూరం పెరిగేకొద్దీ శ్రుతి పెంచకండి, అరుపయ్యేది అందువల్లే. నోరు బాగా తెరిచి, ఒత్తులు, హల్లులు స్పష్టంగా పలకండి.

ఖాళీ హాల్లో రిహార్సల్ చేసి మోసపోవద్దు. జనం నిండాక వాళ్ల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. గుసగుసలాడాల్సిన చోట వట్టి గాలితో మాట్లాడితే గొంతు నలుగుతుంది. స్వరం తగ్గించండి కానీ పూర్తిగా తీసేయకండి. నీళ్లు ప్రదర్శనకు ముందు గటగటా తాగితే లాభం లేదు, మింగిన నీరు స్వరతంత్రులను తాకదు. పొద్దుటి నుంచే కొద్దికొద్దిగా తాగుతుండాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మధ్యలో డైలాగ్ మర్చిపోతే?

జవాబు: ముందు ఊపిరి వదలండి. భయంతో బిగబట్టిన ఊపిరే జ్ఞాపకానికి అడ్డు. నేలవైపు చూడొద్దు, ఎదుటి పాత్రధారి కళ్లలోకి చూడండి. ‘ఈ క్షణాన నా పాత్రకు ఇతని నుంచి ఏం కావాలి?’ అన్నది గుర్తొస్తే మాట దానంతటదే వస్తుంది, లేదా అదే అర్థం ఇచ్చే సొంత మాట వస్తుంది. ఎదుటివాళ్లు ప్రశ్న రూపంలో అందిస్తే ఇంకా మేలు. ఒక పేజీ దాటిపోతే వెనక్కి వెళ్లకండి. అందులో ప్రేక్షకుడికి తప్పక తెలియాల్సిన విషయం ఏదైనా ఉంటే తర్వాతి మాటల్లో ఇమిడ్చేయండి.

అసలు ఈ అవస్థ వచ్చేది సొంత డైలాగులు మాత్రమే బట్టీపట్టినవాళ్లకి. ఎదుటివాళ్ల మాటలో ఎక్కడ మీకు బదులివ్వాలనిపిస్తుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. అది వాళ్ల చివరి మాటే కానక్కర్లేదు. ప్రదర్శన రోజు అందరూ కూర్చుని, కదలికలు లేకుండా, రెట్టింపు వేగంతో ఒకసారి నాటకమంతా చెప్పుకోండి. తడబడే చోట్లన్నీ బయటపడతాయి. తెరచాటు నుంచి మాట అందించే ప్రాంప్టరు ప్రతిలో మీరు కావాలని ఆగే చోట్లు గుర్తుపెట్టించడం మర్చిపోవద్దు. లేకపోతే మంచి మౌనంలోకి ప్రాంప్టింగ్ వచ్చిపడుతుంది.

ప్రశ్న: మొదట్లో పండిన నవ్వు పదో ప్రదర్శనకు రావడం లేదు. ఎందుకు?

జవాబు: మీరు నిన్నటి నవ్వును అడుగుతున్నారు గనుక. ఉదాహరణకు, ఆ నవ్వు పాత్ర గొడుగు అడిగేచోట వచ్చిందనుకోండి. పాత్ర గొడుగు అడగాలి, మీరేమో గొడుగు పేరుతో నవ్వు అడుగుతున్నారు. మళ్లీ నిజంగా గొడుగే అడగండి. ఇంకోటి, నవ్వు వచ్చినప్పుడు అది జోరుమీద ఉండగానే మాట్లాడితే జనం తర్వాతి మాట వినడం కోసం నవ్వు ఆపుకుంటారు. నవ్వు శిఖరానికి చేరి దిగడం మొదలవగానే అందుకోండి. పూర్తిగా ఆగేదాకా చూస్తే ఊపు చచ్చిపోతుంది.

అమెరికన్ నటుడు విలియం జిలెట్ 1913లో చేసిన ప్రసంగంలో, ఎన్నోసారి చెప్పే మాటైనా అప్పుడే పుట్టినట్టు అనిపించడాన్ని ‘తొలిసారి అన్న భ్రమ’ అన్నాడు. షెర్లాక్ హోమ్స్ పాత్రను వెయ్యిసార్లకు పైగా వేసినవాడు ఆయన. పాత్రకు తన తర్వాతి మాట తెలియదు, నటుడికి తెలుసు. తెలియనట్టు ఉండాలంటే ఎదుటివాళ్లు ఈరోజు ఎలా అన్నారో వినడం తప్ప దారి లేదు.

ప్రశ్న: దీపాలు ఆర్పగానే అడుగు తడబడుతోంది.

జవాబు: వింగ్‌లో, అంటే వేదిక పక్కన తెరచాటున ఉంటే, కళ్లు చీకటికి కొంత అలవాటుపడేలా దీపాలు ఆరడానికి పదిహేను సెకన్ల ముందే వాటిని మూసుకోండి. వేదిక మీదే ఉంటే ఒక కన్నయినా మూయడం కుదరదు కాబట్టి, మెట్టు అంచుకు, బల్ల కాళ్లకు చీకట్లో మెరిసే టేపు వేలెడంత ముక్కలు అతికించి, ఎన్ని అడుగులో రిహార్సల్లోనే లెక్కపెట్టుకోండి.