మే నెల బోరు రిపోర్టును నమ్మొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ దగ్గర కాలవ ఒడ్డు ఊరు. జీ ప్లస్ టూ ఇల్లు కడదామని మే నెలలో సాయిల్ టెస్ట్ చేయించాం. పైన మీటరున్నర నల్లమట్టి, దాని కింద సన్న ఇసుక. 4 మీటర్ల దగ్గర ఎన్ విలువ (గుండు దెబ్బలు లెక్కపెట్టి నేల గట్టిదనం చెప్పే అంకె) 9, 5 మీటర్లు దాటాక 28 పైనే. నీళ్లు 5 మీటర్ల దగ్గర పడ్డాయట. చివర్లో 'లిక్విఫాక్షన్ ప్రమాదం లేదు', అంటే భూకంపంలో ఇసుక ద్రవంలా మారదు, అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. మేస్త్రీ అంతా బాగుందంటున్నాడు, మా అబ్బాయేమో 9 తక్కువంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అబ్బాయి మాటే వినండి. కాకపోతే అతను 9 దగ్గరే ఆగిపోయాడు, అసలు చూడాల్సింది 'మే' అన్న మాట.

సూర్యలంక బీచ్‌కి వెళ్లినప్పుడు అలల అంచున నిలబడి పాదం గబగబా ఆడించి చూడండి. అప్పటిదాకా గట్టిగా ఉన్న ఇసుక జావలా అయిపోయి మడమ దిగిపోతుంది. రేణువుల మధ్య ఉన్న నీరు ఆ కుదుపుకి తప్పించుకునే టైమ్ లేక ఒత్తిడి పెంచుకుంటుంది, రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోవడం మానేస్తాయి. భూకంపంలో జరిగేదీ ఇదే. దీనికి మూడూ కలవాలి: వదులు ఇసుక, దాన్ని ముంచిన నీళ్లు, చాలినంత ఊపు. 4 మీటర్ల దగ్గర మీ ఇసుక ఆ రోజు నీళ్లకు పైన ఉంది కాబట్టి వాళ్లు 'లేదు' అని రాసేశారు. కానీ ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు వేసిన బోరు అది! కాలవ వదిలి, రెండు వానలు పడ్డాక మీ పక్కింటి బావిలో నీళ్లు ఎంత పైకి వస్తాయో అడగండి. లెక్కకు పెట్టాల్సింది ఆ మట్టం, బోరు వేసిన రోజు కనబడింది కాదు.

నీళ్లు మీటరున్నర దాకా వస్తాయనుకుని నేనే కాగితం మీద వేసి చూశాను. సీడ్, ఇద్రిస్ అనే ఇద్దరు 1971లో ఇచ్చిన సులువు పద్ధతే ఇప్పటికీ అందరికీ ఆధారం, మన దేశపు భూకంప కోడ్ ఐఎస్ 1893, 2016 ప్రతిలోనూ ఆ దారే ఉంది. ఆ ప్రతిలో విజయవాడ మూడో భూకంప జోన్, 0.16 జీ (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) ఊపు అనుకుంటే ఆ లోతులో కుదుపు వల్ల ఇసుక మీద పడే భారం నిష్పత్తి సుమారు 0.15. మీ 9కి లోతు, రాడ్ పొడవు సవరణలు చేస్తే దాదాపు 10 అవుతుంది. మట్టి కలవని ఇసుక అయితే 7.5 తీవ్రత భూకంపానికి అది తట్టుకునేది 0.11. భాగిస్తే 0.74 వచ్చింది. ఒకటికి తక్కువ వస్తే ఇసుక లొంగిపోతుందన్నమాట. అదే తీవ్రత 6 అని పెడితే 1.3 వస్తుంది. 1967లో ఒంగోలుకు వచ్చింది 5.4, 1969లో భద్రాచలానికి వచ్చింది 5.7. కాబట్టి 6 పెట్టడం అన్యాయమేమీ కాదు. అంటే వాళ్ల జవాబు రైటే కావచ్చు, లెక్క మాత్రం రాంగు. ఏ నీటి మట్టం, ఏ తీవ్రత తీసుకున్నారో రాయని రిపోర్టు నా దృష్టిలో రిపోర్టే కాదు. ఇంకో సంగతి, 5 మీటర్ల వరకు ఎన్ 15 అయినా ఉండాలని కోడ్ ఈ జోన్‌కి చెబుతుంది, మీకది లేదు.

ఇక ఆ 9 ఎలా వచ్చిందో కూడా కాస్త అనుమానించాలి. 63.5 కిలోల గుండుని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం నేలలోకి దిగే మొదటి 15 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బలు వదిలేసి, తర్వాతి 30కి పడ్డవే లెక్కపెట్టాలి. తాడు లాగేవాళ్లు మధ్యాహ్నానికి అలసిపోయి గుండుని అరవై నుంచే వదిలేస్తుంటారు, నేను చాలాసార్లు చూశాను. అప్పుడు దెబ్బలు ఎక్కువ పడి ఇసుక గట్టిదన్నట్టు కనిపిస్తుంది. తిరగబడేదీ ఉంది: నీటి మట్టం కింద రాడ్లు సర్రున పైకి లాగితే బోరు అడుగున ఇసుక ఉబికి వదులైపోయి ఎన్ తగ్గిపోతుంది. కాబట్టి బోర్ లాగ్ షీటు (ఏ లోతులో ఏ మట్టి, ఎన్ని దెబ్బలు అని రాసిన కాగితం), ఇసుకలో సన్నమట్టి శాతం రెండూ అడిగి తీసుకోండి. వర్షాకాలంలో ఇంకొక్క బోరు వేయించండి. ఇంటి ఖర్చులో అది కాఫీ డబ్బులు!

ప్రశ్న: పైల్స్ (భూమిలోకి లోతుగా దించే పునాది స్తంభాలు) వేసేస్తే ఈ గొడవే ఉండదని బిల్డర్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఎంత లోతుకి, దేనిలో ఆపుతున్నారు అని అడగండి. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవు కస్టమ్స్ టవర్ 18 మీటర్ల పైల్స్ మీదే నిలబడి ఉంది, అయినా పక్కకు ఒరిగింది. పైన ఉన్న బంకమట్టిని దాటి వెళ్లి ఇసుకలోనే ఆగిపోయాయి ఆ పైల్స్. ఆ ఇసుకే ద్రవమైతే ఇక కాలు ఎక్కడ ఆనాలి? 1964లో జపాన్ నీగాతాలో నాలుగంతస్తుల ఇళ్లు గోడలు పగలకుండానే పక్కకు పడుకున్నాయి, వాటిలో కొన్నింటిని తర్వాత జాకీలతో లేపి మళ్లీ వాడుకున్నారట. అంటే కట్టడం బాగుంది, కింద నేలే లేదు. మీ స్థలంలో 5 మీటర్ల కింద గట్టి పొర ఉందంటే పైల్ అందులోకి బాగా దిగాలి. పైగా మధ్యలో వదులు ఇసుక పక్కకు జారితే పైల్ వంగిపోకుండా స్టీలు చాలాలి. చిన్న ఇంటికైతే రాతి స్తంభాలు వేసి ఇసుకను గట్టి చేయించడం కూడా ఒక దారి, మీ ఇంజనీరుతో రెండూ ఖర్చు వేయించి చూడండి.

ప్రశ్న: మాది గుంటూరు వైపు, నల్లరేగడి. మాకూ భయమేనా?

జవాబు: మీకు ఈ భయం కాదు, వేరే భయం. రేగడి జిగట మట్టి, ఇసుకలాగా జావ కాదు. వానకు ఉబ్బి, ఎండకు చీలి పునాదిని లేపడమే దాని పని. అయితే కింద ఇసుక పొర ఉందో లేదో బోరు చూడనిదే చెప్పలేం. రేగడి పైన మీటరున్నర మాత్రమే అయితే మొదటి ప్రశ్న ఇంకోసారి చదవండి.