ఇంటికి పాల ప్యాకెట్ మాన్పించాక నిలబడిన అలవాటు

"ఉగాదికోసారి, జనవరి ఒకటినోసారి గట్టిగా అనుకుంటాను. ఐదింటికి లేవాలి, వ్యాయామం చేయాలి, పుస్తకం చదవాలి, ఇంగ్లిష్ నేర్చుకోవాలి అని. వారం తిరక్కుండానే అన్నీ ఆగిపోతాయి. మోటివేషన్ పోకుండా ఎలా నిలబెట్టుకోవాలి?" అని మీరు అడిగారు. ఈ బాధ నేను చాలా ఏళ్లు పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. కోతల సీజన్‌లో పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే లేచేసరికి రాత్రి ఎనిమిది. కాటా చీటీలు, లారీ కిరాయిలు, హమాలీల లెక్కలు, మధ్యలో నాలుగు టీలు. ముప్పై ఎనిమిదో ఏట రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే లెక్క, 6.2 శాతం వచ్చింది. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు, 6.5కి చేరితే షుగర్ కిందే లెక్క. మా నాన్నకు షుగర్ వల్లే చూపు దెబ్బతింది. చివరి రోజుల్లో మమ్మల్ని గొంతు విని గుర్తుపట్టేవాడు. ఆ రిపోర్టు పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

అంతకంటే పెద్ద మోటివేషన్ ఏముంటుంది చెప్పండి? మర్నాడే బూట్లు కొన్నాను. జిమ్‌కు ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టేశాను. రాత్రి పడుకునే ముందు స్ఫూర్తినిచ్చే వీడియోలు చూసేవాణ్ని. పదకొండు రోజులు వెళ్లాను. పన్నెండో రోజు లోడింగ్ ఆలస్యమై ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున లేవలేదు. తర్వాతి రోజూ లేవలేదు. ఆ పైన సిగ్గేసి, జిమ్ ఉన్న వీధిలోంచి వెళ్లడమే మానేశాను.

భయం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. కానీ నిద్ర చాలని పొద్దున నన్ను మంచం మీంచి లేపడానికి అది సరిపోలేదు. మీకూ అదే జరుగుతోందని నాకనిపిస్తోంది. పట్టుదల తక్కువై కాదు. రోజూ పొద్దున "ఇవాళ చేద్దామా, వద్దా" అని మళ్లీ మొదటినుంచి తేల్చుకోవాల్సి వస్తోంది. అలసిపోయిన రోజు ఆ ప్రశ్నకు "రేపు చూద్దాంలే" అన్నదే జవాబు.

నా విషయంలో దారి చూపింది మా ఆవిడ. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆరున్నరకల్లా ఆమెకు టీ పడాలి. అప్పట్లో తెల్లవారుజామునే గుమ్మంలో పాల ప్యాకెట్లు వేసి వెళ్లేవాళ్లు. ఒక నెలాఖరున బిల్లు కడుతూ మా ఆవిడ అంది: "రేపటి నుంచి ఇంటికి పాలు వద్దని చెప్పేశాను. బస్టాండ్ దగ్గరి బూత్ నుంచి మీరే తేవాలి, నడిచి. అత్తయ్య టీ ఇక మీ బాధ్యత."

రానూపోనూ నలభై నిమిషాలు. రాత్రి పడుకునే ముందు గుడ్డ సంచిలో పాలకు సరిపడా చిల్లర వేసి తలుపు గొళ్లానికి తగిలించేవాణ్ని. తలుపు తీయాలంటే సంచి చేతిలోకి తీసుకోవాల్సిందే. తీసుకున్నాక మళ్లీ వెళ్లి పడుకోవడం కుదరదు, అవతల గదిలో అమ్మ అప్పటికే లేచి దగ్గుతూ ఉంటుంది. బూట్లూ లేవు, ప్రత్యేకమైన బట్టలూ లేవు. చెప్పులేసుకుని వెళ్లడం, రెండు అర లీటరు ప్యాకెట్లు తెచ్చుకోవడం. వచ్చేటప్పుడు చల్లటి సంచి మోకాలికి తగులుతూ ఉండేది. మొదటి నెలంతా నేను వాకింగ్ చేస్తున్నానన్న ఆలోచనే నాకు లేదు, పాలు తెస్తున్నానంతే.

పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ముందస్తు నిర్ణయాల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారని తర్వాత చదివాను. "వ్యాయామం చేస్తాను" అనుకున్నవాళ్ల కంటే, "ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానాది అయిన వెంటనే చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువట. మా గొళ్లెం మీది సంచి చేసిందీ అదే.

ఇంకొక మాట. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని మీరూ వినే ఉంటారు. ఇరవై రెండో రోజు కూడా కష్టంగానే ఉంటే మనలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులైనా పడుతోందని 1960లో రాశారు. అది నోటా నోటా మారి ఇలా తయారైంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించింది. పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. ఆ ఒక్క వాక్యం నాకు జిమ్ రోజుల్లో తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

నాకూ మధ్యలో తెగింది. సంక్రాంతికి అత్తగారి ఊళ్లో నాలుగు రోజులు, తర్వాత జ్వరంతో తొమ్మిది రోజులు వెళ్లలేదు. జ్వరం తగ్గిన మొదటి రోజు కాళ్లలో సత్తువ లేదు. అయినా సంచి పట్టుకుని వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్లి అక్కడే పాలు కొన్నాను. మూడు నిమిషాల నడక. మర్నాడు ఇంకొంచెం దూరం వెళ్లాను. ఒంట్లో బాగాలేని రోజు పని తగ్గించండి, కానీ సంచి మాత్రం చేతిలోకి తీసుకోండి.

మీరు నాలుగు పనులు రాశారు. దయచేసి ఒకటే పెట్టుకోండి. మీరు ఎలాగూ రోజూ చేసే ఏదో ఒక పనికి దాన్ని ముడివేయండి. ఇంగ్లిషే అనుకుంటే, బస్సులో సీటు దొరకగానే ఒక్క పేరా చదవండి. పొద్దున ఐదింటికే చదవాలన్న రూలేమీ లేదు. వీలైతే మీ కోసం ఎదురుచూసే మనిషి ఒకరుండేలా చూసుకోండి. నేను రెండో అలవాటు జోలికి వెళ్లింది ఏడాది తర్వాతే. అమ్మకు టీ ఇచ్చాక చక్కెర డబ్బా పక్కన పెట్టిన పుస్తకం రెండు పేజీలు చదువుతాను. ఇప్పటికి ఆరు పుస్తకాలయ్యాయి. ఏడాదిన్నరకు హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. డాక్టర్ చెబితే రాత్రిపూట అన్నం కూడా తగ్గించాను కాబట్టి అదంతా నడక వల్లే అని చెప్పను.

అలవాటు ఎప్పుడైందో ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. నాకు ఐదో నెలలో తెలిసింది. ఆ ముందురోజు రాత్రి మా బాబాయి ఊరి నుంచి వస్తూ క్యాన్ నిండా బర్రె పాలు తెచ్చాడు. పొద్దున పాలు తేవాల్సిన పనే లేదు. గొళ్లానికి సంచి కూడా తగిలించలేదు. అయినా ఎప్పటిలాగే ఆరింటికి బూత్ ముందు నిలబడి ఉన్నాను. బూత్ అతను అలవాటుగా రెండు ప్యాకెట్లు తీసి చేతిలో పెట్టబోయాడు. "ఇవాళ పాలు వద్దన్నా, ఊరికే వచ్చాను" అన్నాను.